గోటి మీద ఎండ్రికాయ

మా చెల్లె బిడ్డకు శనివారం సాయంత్రం పొడుగు గోర్లు మొలుస్తాయి. ఆదివారం రాత్రికి రాలిపోతాయి. పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో దాని ఉద్యోగం. మందు తయారయ్యే గదుల్లోకి గోళ్ల రంగు వేసుకుని పోవడానికి లేదు. గాజులు, ఉంగరాలు, మొహాన పౌడరు, ఏవీ కుదరవు. రంగు పెచ్చు ఒక్కటి లేచి మందు పిండిలో పడిందంటే బ్యాచ్ మొత్తం అనుమానంలో పడుతుంది. గోరు పొడుగుంటే కింద మురికి చేరుతుంది, చేతి తొడుగు చిరుగుతుంది. అందుకని వారమంతా బోసి గోర్లు. సెలవు వచ్చిందంటే మాత్రం డబ్బాలోంచి అతికించుకునే ప్లాస్టిక్ గోర్లు బయటికొస్తాయి.

ఈసారి తోటి పిల్లలంతా కలిసి బాపట్ల దగ్గరి సూర్యలంకకు పోతున్నారు. "పెద్దమ్మా, బీచ్ గోర్లు కావాలె" అంది. సముద్రానికి పోతూ సముద్రాన్ని గోళ్ల మీద పెట్టుకుని పోవడం తిరుపతికి లడ్డు కట్టుకుని పోయినట్టు కాదా అన్నాను. "నీకు తెల్వదు, ఫొటోల సముద్రం ఎనక ఉంటది, చెయ్యి ముందుంటది" అంది. నిజమే. ఆ లెక్కన సముద్రం కంటే గోరే పెద్దది. గోరంతను కొండంత చేయడమంటే ఇదే కాబోలు.

మా జడ్చర్ల నుంచి ఏ దారిన పోయినా మూడు వందల కిలోమీటర్లు దాటందే సముద్రం కనపడదు. 44వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రింబవళ్లు లారీల హోరు మాత్రం ఉంటుంది. కళ్లు మూసుకుంటే అలల చప్పుడని నమ్మించొచ్చు. ఆ హోరుకు కాస్త దూరంగా, బాదేపల్లి వైపు ఒక గల్లీలో, ఇంటి ముందరి గదినే బ్యూటీ పార్లర్‌గా మార్చుకున్న ఒకామె ఉంది. అక్కడికి తీసుకుపోయాను.

ఆ పార్లర్ పిల్లకు ముప్పై ఏళ్లుండవు. సముద్రం చూడలేదట. ఫోన్‌లో చూసి చూసి చేతికి తెచ్చుకున్న విద్య. టేబుల్ మీద గోళ్లు ఎండబెట్టే చిన్న దీపపు డబ్బా, రంగు సీసాలు, అగ్గిపుల్లలు, తలపిన్నులు, ఇంకు అయిపోయిన పెన్ను రీఫిళ్లు. "చుక్కలకు కొన్నదానికంటే రీఫిల్ మంచిగుంటదమ్మా" అంది నా చూపు గమనించి.

చేప పొలుసులు వేయడం చూడాలి. ముందు గోటికి ఆకుపచ్చ రంగు వేసి ఆరనిచ్చింది. దాని మీద పాత చున్నీలోంచి కత్తిరించిన నెట్ గుడ్డ ముక్క బిగించి పట్టింది. గిన్నెలు తోమే స్పాంజి చిన్న ముక్కతో ఊదారంగు అద్ది, గుడ్డ ఎత్తేసింది. వరసలు వరసలుగా పొలుసులు! పెద్దదనాన్ని పక్కన పెట్టి "అబ్బ" అన్నాను. అలలకు ఇంకో పద్ధతి. గిన్నెలో నీళ్లు పోసి నీలం రంగు ఒక చుక్క వేస్తే అది పరుచుకుంటుంది. దాని నడుమ తెల్ల చుక్క, మళ్లీ నీలం, మళ్లీ తెలుపు. చెట్టు మొద్దు కోస్తే కనపడే వలయాల్లాగా అవుతాయి. సూదితో ఒక్క గీత లాగి, గోరును ఆ నీళ్లలోకి దించితే రంగు పొర దానికి అంటుకుని వస్తుంది. నీళ్లు మరీ చల్లగా ఉంటే రంగు పరుచుకోదు. గదిలో ఫ్యాన్ తిరిగితే పైన పొర గట్టిపడిపోతుంది. అందుకని ఫ్యాను బంద్. పాలమూరు ఎండల్లో ఫ్యాను బంద్ చేసి అలలు వేయించుకున్నాం.

నక్షత్ర చేపకు అయిదు చుక్కలు పెట్టి, అగ్గిపుల్లతో నడుముకు లాగితే సరి. జెల్లీ చేపకు ఒక గొడుగు, నాలుగు వంకర దారాలు. ఆక్టోపస్ దగ్గరే చిక్కు. ఎనిమిది కాళ్లు ఒక గోటి మీద ఇరకవు. బొటనవేలి మీద తల పెట్టి కాళ్లను తక్కిన నాలుగు వేళ్లకూ పంచింది. చెయ్యి ముడిస్తే జంతువు, చాపితే చిందర వందర.

నాకు అన్నిటికంటే నచ్చింది తాబేటి డిప్ప. తేనెరంగు పూత మీద గోధుమ, నలుపు మచ్చలు, పైన మళ్లీ తేనెరంగు. సముద్రపు తాబేలు వీపు మీది పెంకులకూ మన గోటికీ సరుకు ఒకటే, కెరాటిన్. ఎద్దు కొమ్ము, గుర్రపు డెక్క, కోడి ముక్కు అంతా అదే కులం. గవ్వ అలా కాదు, అది సున్నం. కాబట్టి చుట్టరికం చూసి వేసుకోవాలంటే తాబేటి డిప్పే న్యాయం. మా దానికి అది ముసలోళ్ల రంగులా కనపడింది.

మైదాకు మన గోటికి అంత గట్టిగా పట్టేదీ కెరాటిన్ వల్లే. ఆకులోని లాసోన్ అనే రంగు పదార్థం పోయి దానితో జత కట్టేస్తుంది. చర్మం రోజూ రాలిపోతుంది కనుక అరచేతి ఎరుపు పది రోజుల్లో వెలిసిపోతుంది. గోరు నెలకు మూడు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది కనుక, ఆషాఢంలో పెట్టుకున్న ఎరుపు బతుకమ్మ నాటికి కొసన నెలవంకలా మిగులుతుంది. కోస్తావాళ్లు గోరింటాకు అని పేరులోనే గోరు పెట్టుకున్నారు. చిన్నప్పుడు మాకు పార్లర్ అంటే రోలు, నూరే అవ్వ, చిటికెడు చింతపండు. వేళ్లకు ఆకులు చుట్టి దారంతో కట్టి పడుకోబెట్టేవాళ్లు. తెల్లారేసరికి ఒక ఆకు దుప్పట్లో, ఒకటి జుట్టులో.

ఇక సీసాలోని సముద్రం మాట. మిలమిల మెరిసే గోళ్ల రంగుల్లో ఒకప్పుడు నిజంగానే చేప ఉండేది. పొలుసుల మీది వెండి మెరుపు గ్వానిన్ అనే పదార్థానిది. పదిహేడో శతాబ్దంలో పారిస్‌లో జపమాలలు చేసే ఒకాయన దాన్ని తీసి గాజు పూసలకు పూసి దొంగ ముత్యాలు చేశాడు. ఇరవయ్యో శతాబ్దానికి అదే మెరుపు నెయిల్ పాలిష్ సీసాల్లోకి వచ్చింది. తరవాత అభ్రకం మీద పూత పూసి అదే తళుకు చవకగా తెప్పించారు. అభ్రకం అంటే మన గూడూరు గనుల సరుకు. అంటే పొలుసు పోయి రాయి వచ్చింది. మా ఇంట్లో మొదటి సీసా లాక్మే. 1952లో టాటాలు పెట్టిన కంపెనీ. అమ్మ దాన్ని బీరువాలో దాచి, పెండ్లిళ్లకు మాత్రం తీసి, గట్టిపడ్డ రంగులో రెండు చుక్కల స్పిరిట్ పోసి కదిపేది.

నిజానికి సముద్రం మా మెట్టకు ఎప్పుడూ ఇలా ఒంటి మీదకే వచ్చింది. పుస్తెలతాడులో పగడం ఉంటుంది; మధ్యధరా సముద్రం నుంచి పగడాలు మన దేశానికి ఓడలెక్కి వచ్చిన కాలం ఉంది. తండాల్లో లంబాడీ అవ్వల రవికల మీద, సంచుల మీద వరసగా కుట్టిన తెల్ల గవ్వలు ఉంటాయి. ఒకనాడు మాల్దీవుల నుంచి ఈ దేశానికి గవ్వలు డబ్బు కింద చెల్లుబాటయ్యేటంతగా వచ్చిపడ్డాయి. ఇంటి ముందుకొచ్చే జంగమయ్య చేతిలో శంఖం. అలలు ఎరగని హైదరాబాదు ముత్యాలకు పేరు మోసింది, పత్తర్‌గట్టి దుకాణాల్లో బస్రా ముత్యం అని గొప్పగా చెప్పేవారు. మా నడవలో పరిచిన షాబాదు బండ కూడా, చేపలూ గవ్వలూ పుట్టకముందెప్పుడో, ఒక లోతులేని సముద్రం అడుగున పేరుకున్న సున్నపు మట్టే. దాని మీద మైదాకు చేతులు చాపి పడుకున్నవాళ్లం మేము.

పార్లర్ పిల్ల మా దాని చిటికెన వేలి మీద పీతను వేస్తోంది. ఫోన్‌లో బొమ్మ ఎర్రగా, నవ్వు మొహంతో, ఇంగ్లీషు పిల్లల పుస్తకంలోదిలా ఉంది. చేతికి రావడం లేదు. రెండుసార్లు వేసి రెండుసార్లు తుడిచింది.

గడపలో ఆమె అత్త కూర్చుని పల్లికాయలు ఒలుస్తోంది. అంచున బొటనవేలి గోరు పెట్టి నొక్కుతుంది, టప్‌మని రెండు చెక్కలవుతుంది. ఆ గోరు మందంగా, పసుపు పచ్చగా, నడుమ నిలువునా చీలి అతుక్కుని ఉంది. మా మాటలన్నీ వింటూనే ఉంది. లేచి వచ్చి ఫోన్ చూసింది.

"గిది ఎండ్రికాయనా? గిట్ల నవ్వుతదా యాడన్న? మన వరి మడి గట్టు కాడ ఉంటది జూడు, దాన్ని ఎయ్యి. నల్లగ, జర పచ్చగ. ఒక గుర్జు పెద్దది, ఒకటి చిన్నది. పట్టబోతే గా పెద్దదే ఎత్తుతది."

పిల్ల ఒక్క క్షణం ఆగి, నలుపులో ఆకుపచ్చ కలిపి, ఈసారి తుడవకుండా వేసింది. ఒక కొండి పెద్దదిగా. కుడివైపుకు పరుగెత్తబోతున్నట్టు వచ్చింది.

"నువ్వు సముద్రం జూసినవా అవ్వా?" అంది మా చెల్లె బిడ్డ.

"సూడకేం? బొంబయిల మూడేండ్లు తట్ట మోసిన. ఐతారం నాడు మేస్త్రి తోల్కపోతుండె."

పాలమూరు లేబర్ అన్న మాట ఊరికే పుట్టలేదు. డ్యాములకు, రోడ్లకు, మేడలకు మట్టి తవ్వడానికి ఈ జిల్లా నుంచి పోని రాష్ట్రం తక్కువ. బొంబాయిలోని కామాఠీపురానికి ఆ పేరు వచ్చింది కూడా నిజాం రాజ్యం నుంచి పోయిన కామాటీల వల్లే. నేను సముద్రాన్ని మొదట చూసింది కాలేజీ విహారయాత్రలో, విశాఖపట్నంలో. నాకంటే ఎన్నో ఏళ్ల ముందు, తట్ట దించిన చేతులతో, ఈ అవ్వ చూసింది. ఆ సంగతి అడగాలని నాకు తోచలేదు. మా చెల్లె బిడ్డే అడిగింది.

అవ్వ ఆరబెట్టిన నీలం గోళ్లను ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"గింత నీలంగ యాడుంటది బిడ్డా? తొలకరి వానకు చెర్లకు నీళ్లొచ్చినట్టు ఉంటది. మట్టి రంగు."

మా చెల్లె బిడ్డ నా వైపు చూసింది. ఫొటోలో మట్టి రంగు ఏం బాగుంటుందన్న అనుమానం దాని మొహంలో ఉంది. అయినా ఎడమ చేతి ఉంగరపు వేలు చాపింది. పార్లర్ పిల్ల ఫ్యాను మళ్లీ బంద్ చేసి, గిన్నెలో నీళ్లు మార్చి, గోధుమ రంగు సీసా కోసం డ్రాయరు వెతకసాగింది. అవ్వ గడప దగ్గరికి పోయి చేట ముందుకు లాక్కుంది.