సరస్వతి, ఇసుక, కంప్యూటరు

2001 జనవరి 26న గుజరాత్ భూకంపంలో రణ్ ఆఫ్ కచ్‌లో చాలాచోట్ల నేలలోంచి నీళ్ళూ ఇసుకా పైకి చిమ్మాయి. అంతే, అంతర్వాహిని సరస్వతి మళ్ళీ బయటపడిందని కొందరు మొదలుపెట్టారు. వేలమంది చచ్చిపోయిన చోట కూడా మహిమ వెతుక్కునే ఓపిక ఎలా ఉంటుందో నాకర్థం కాదు.

నేను సివిల్ ఇంజనీరుని. ఆ నీళ్ళకు నది అక్కర్లేదు. వదులుగా పేరుకున్న ఇసుక, దాని సందుల నిండా నీరు ఉంటే చాలు. నేల ఊగినప్పుడు రేణువులు సర్దుకుని దగ్గరవబోతాయి. మధ్యలో ఉన్న నీరు అంత త్వరగా బయటికి పోలేదు. నీటి పీడనం పెరుగుతుంది, రేణువులు ఒకదాన్నొకటి ఒత్తుకోవడం మానేస్తాయి, నేల జావలా అయిపోతుంది. నీరు దొరికిన దారిన పైకి తన్నుకొస్తుంది. 1964లో జపాన్‌లోని నీగాటాలో అపార్టుమెంట్లు పెద్దగా పగలకుండానే పక్కకు ఒరిగిపోవడానికి కారణమూ ఇదే.

మా సంఘం సమావేశంలో ఇది చెబితే ఒక కుర్రాడు లేచాడు. "సార్, దేవుణ్ణి చూపిస్తేనే నమ్ముతామంటారు కదా, నేల లోపల రేణువులు సర్దుకోవడం మీరు చూశారా?" అన్నాడు. చర్చల్లో ఆస్తికులు నన్నడిగే చాలా ప్రశ్నలకన్నా మంచి ప్రశ్న.

1979లో పీటర్ కండల్, ఒట్టో స్ట్రాక్ అనే ఇద్దరు ఇసుకను ముద్దగా కాక, ఒక్కో రేణువునూ విడిగా లెక్కగట్టే పద్ధతి ప్రచురించారు. రెండు రేణువులు నొక్కుకుంటే స్ప్రింగులా తోసుకుంటాయి. జారబోతే ఒక హద్దు వరకు రాపిడి ఆపుతుంది. మిగతాది న్యూటన్ చూసుకుంటాడు. చెప్పడానికి తేలికే గానీ, అర మిల్లీమీటరు రేణువులైతే ఒక్క ఘన సెంటీమీటరులోనే సుమారు 9,000 పడతాయి. పైగా ఒక సెకను కదలికను లక్షల ముక్కలు చేసి లెక్కించాలి.

యేడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో ఇంట్లోనే 5,000 బంతుల పెట్టె తయారుచేశాను. పై సగాన్ని ఒకవైపు, కింది సగాన్ని ఇంకోవైపు లాగాను. ఇంజనీర్లు దీన్నే షియర్ అంటారు. దట్టంగా నింపినప్పుడు పెట్టె మూత పైకి లేచింది, అంటే ఇసుక ఉబ్బింది. వదులుగా నింపినప్పుడు కుంగింది. ఉబ్బమని గానీ కుంగమని గానీ ప్రోగ్రాంలో నేనెక్కడా రాయలేదు. దట్టమైన ఇసుక ఇలా ఉబ్బుతుందని ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ 1885లోనే చూపించాడు. విశాఖ బీచిలో తడి ఇసుక మీద కాలు మోపండి. పాదం చుట్టూ ఒక్క క్షణం పొడిబారినట్టు తెల్లబడుతుంది. ఇసుక ఉబ్బి సందులు పెరిగాయి, పైనున్న నీరు వాటిలోకి దిగింది. ఈ మహిమకు టిక్కెట్టు లేదు.

ఇక్కడితో చప్పట్లు కొట్టేస్తే మనకూ సరస్వతి భక్తులకూ తేడా ఏముంది? గుండ్రటి బంతులు ఇట్టే దొర్లుతాయి, అసలు ఇసుకకేమో మూలలుంటాయి. బంతుల మధ్య రాపిడి ఎంత పెంచినా అసలు ఇసుక బలం రాదు. అందుకని దొర్లడానికి కూడా అడ్డు పెట్టే ఒక అంకెను కలిపారు. ఇవాషిత, ఓడా 1998లో చేసింది ఇదే. కారణం సబబైనదే, కాదనను. కానీ అలాంటి అంకెలు నాలుగు చేతిలో ఉంటే ఏ గ్రాఫుకైనా సరిపెట్టొచ్చు. పెళ్ళి అయ్యాక జాతకం చూసి ముహూర్తం మెచ్చుకునే జ్యోతిష్కుడి పని అది. ఒక ప్రయోగంతో అంకెలు తేల్చుకుని, వాటిని ముట్టుకోకుండా, వేరే ఒత్తిడిలో చేయబోయే ప్రయోగం ఫలితం ముందే చెప్పమనండి. అది తప్పితే లెక్క తప్పినట్టే.

కుర్రాడికి నేనిచ్చిన జవాబు కూడా ఇదే. కండల్, స్ట్రాక్ తమ లెక్కను ఉత్తినే నమ్మమనలేదు. ఒత్తిడి పడిన చోట కాంతిలో చారలు కనిపించే బిళ్ళలతో అంతకుముందే వేరేవాళ్ళు చేసిన ప్రయోగాల పక్కన పెట్టి పోల్చారు. ఇప్పుడైతే ఎక్స్‌రే సీటీతో, ఇసుక నమూనా నలుగుతుండగా ఒక్కో రేణువు ఎటు జరిగిందో, ఎంత తిరిగిందో చూస్తున్నారు.

నా పెట్టెలో నీరు లేదు. దానికి బదులు ఘనపరిమాణం మారకుండా బిగించి అటూ ఇటూ ఊపాను. వదులు ఇసుకలో రేణువుల మధ్య ఒత్తిడి దాదాపు సున్నాకు పడిపోయింది. అయితే కచ్‌లో ఏ ఊరి కింద ఇసుక ఎంత వదులుగా ఉందో ఈ లెక్క చెప్పదు. దానికి బోరు వేసి చూడాల్సిందే.