హుకూమత్ మారినా ఇన్సాఫ్ ఆగొద్దు

మా దాదాల జమానాలో బాన్సువాడ తాలూకా నిజాం సర్కారు కింద ఉండేది. అదాలత్ జబాన్ ఉర్దూ. 1948 గురించి మన ఇండ్లల్లో మాట్లాడుకుంటే ఖౌఫ్, లూటీ, మళ్ళీ రానివాళ్ళు... ఇవే గుర్తొస్తాయి. కచేరీల సంగతి ఎవరూ ఎత్తరు. కానీ ఒక హుకూమత్ పోయి ఇంకోటి వచ్చేటప్పుడు నిన్నటి ఫైసలా రేపు చెల్లుతుందా, అప్పీలు ఎక్కడ వేసుకోవాలి, సరిహద్దు దాటిన ముల్జిమ్‌ను ఎవరు పట్టుకోవాలి అన్నవి చిన్న సవాళ్ళు కావు. వాటి మీద జాన్లు ఆధారపడతాయి.

ముల్జిమ్‌లను ఒకరికొకరు అప్పగించుకోవాలని నిజాం, ఇంగ్రేజు సర్కార్లు 1867లోనే మువాహిదా చేసుకున్నాయి. అయినా ఇంగ్రేజులు ఒకసారి సిమ్లా మెజిస్ట్రేటు వారంటు పట్టుకుని మన శంకర్‌పల్లి రైల్వే స్టేషన్లో ఒకాయన్ని గిరఫ్తార్ చేశారు. 1897లో లండన్ ప్రివీ కౌన్సిల్ ఆ గిరఫ్తారీ చెల్లదన్నది. రైలు పట్టాల మీద ఇంగ్రేజులకు ఇచ్చిన ఇఖ్తియార్ రైల్వే పనుల వరకే, జమీన్ మాత్రం నిజాందే అని దాని మతలబు.

1947 నవంబరు 29న నిజాంకూ భారత సర్కారుకూ యథాతథ ఒప్పందం కుదిరింది. ఇంగ్రేజుల కాలంలో ఉన్న ఉమ్మడి ఇంతెజాములన్నీ ఏడాది పాటు అలాగే నడవాలి. ఝగడా వస్తే చెరో మధ్యవర్తి, పైన ఒక అంపైరు. వేరే సంస్థానాలతో చేసుకున్న అలాంటి ఒప్పందాల్లో నేరస్తుల అప్పగింత అని పేరు పెట్టి మరీ రాసుకున్నారు. మన దగ్గర ఏడాది నిండనే లేదు. 1948 సెప్టెంబరు 13న ఫౌజ్ వచ్చింది.

ఆ తర్వాతి కథ మనవాళ్ళు తక్కువ చెప్పుకుంటారు. నల్లగొండ వైపు సాయుధ పోరాటంలో పట్టుబడిన పన్నెండు మందికి స్పెషల్ ట్రిబ్యునళ్ళు ఉరిశిక్ష వేశాయి. 1949 డిసెంబరులో హైదరాబాద్ హైకోర్టు ఖాయం చేసింది. వాళ్ళు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. ఇంగ్లండ్ నుంచి డి.ఎన్. ప్రిట్ అనే బారిస్టరు వచ్చి వకాలత్ చేశారు. జవాబు ఏమిటంటే, ఆ ఫైసలా 1950 జనవరి 26 కంటే ముందుది. అప్పటికి హైదరాబాద్ హైకోర్టు రాజ్యాంగం చెప్పే భారత భూభాగంలోని అదాలత్ కాదు. కాబట్టి మేం అప్పీలు వినలేం. నిజాం జుడీషియల్ కమిటీ ముందు అప్పటికే పెండింగ్‌లో ఉన్న అప్పీళ్ళేమో 374వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు చేరాయి. వీళ్ళకు మాత్రం పాత దర్వాజా మూసుకుపోయింది, కొత్తది తెరుచుకోలేదు. కొన్ని వారాల తేడా!

అదే రకం ట్రిబ్యునల్లో శిక్ష పడ్డ కాసిం రజ్వీ, తన ఫైసలా 1950 జనవరి తర్వాతది కాబట్టి, 1953లో సుప్రీంకోర్టు దాకా పోగలిగాడు. ఓడాడు, అది వేరే సంగతి. కనీసం విన్నారు. ఆ పన్నెండు మంది రజాకార్ల మీద కొట్లాడినవాళ్ళని మనం మూతి ముడుచుకోవద్దు. ఇన్సాఫ్ ముద్దాయి మజహబ్ చూసి, పార్టీ చూసి రాకూడదు. పెద్ద ఎత్తున నిరసన లేచాక వాళ్ళ ఉరి యావజ్జీవంగా మారింది, అల్హమ్దులిల్లాహ్.

పాత కానూన్లు ఒక్కరోజులో పోలేదు. ఐపీసీ లాంటి దేశపు చట్టాలు మనకు 1951లో వచ్చాయి. భూమి శిస్తు చట్టం పేరులో ఇప్పటికీ 1317 ఫసలీ అనే ఉంది. పహాణీ, జమాబందీ, వకాల్తునామా... మనం రోజూ వాడేవే.

అందుకే మన పిల్లలకు నమాజ్‌తో పాటు ఉర్దూ చదవడం కూడా నేర్పించమంటాను. ఇంట్లో దాదా పేరున పాత ఫైసలా నకలు ఉంటే దాన్ని పారేయకండి. చదవగలిగిన బుజుర్గ్ ఉన్నప్పుడే కూర్చోబెట్టి తెలుగులో రాయించుకోండి.