అద్దెగది వేటలో మూడు ఊళ్లు

హైదరాబాదు నుంచి బెజవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద ప్రయాణం చేసినవారికి సూర్యాపేటను పరిచయం చేయనక్కరలేదు. బస్సు ఆగుతుంది, టీ తాగుతారు, వెళ్లిపోతారు. పూర్వం భానుపురి అనిపించుకున్న యీ పట్టణం 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. కలెక్టరు కచేరీ వచ్చాక ఏ సందులోకి తిరిగినా ‘టు లెట్’ బోర్డులే. ఆ బోర్డులు చదువుతూ తిరగడం యీ మధ్య నా పని. కారణం మనవి చేస్తాను.

నాది అనువాదాల వృత్తి. ఒకరి కొలువులో లేను. పని దొరికిన నెల పండుగ, దొరకని నెల ఉపవాసం. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ముందుగదిలో వేసిన బల్ల యిప్పటికీ అక్కడే వుంది. ఆ పక్కనే మా అమ్మాయి పదో తరగతి పుస్తకాలు. నాకు ఫోను వస్తే ఆ పిల్ల పుస్తకం పట్టుకుని వంటింట్లోకి పోతుంది. మా ఆవిడ కుక్కరు కూత పెట్టకుండా స్టవ్వు తగ్గిస్తుంది. చుట్టాలొస్తే గుమ్మంలోనే “మెల్లగా మాట్లాడండి, ఆయన పనిలో వున్నారు” అంటుంది. మొత్తంమీద మా ఇల్లు గుసగుసల మీద నడుస్తోంది.

మన పెద్దలకు యీ చిక్కు లేదు. వారికి అరుగు వుండేది. పట్వారీ లెక్కలు రాసినా, దర్జీ మిషను తొక్కినా, వైద్యుడు నాడి చూసినా అరుగు మీదే. అరుగు ఇల్లూ కాదు, వీధీ కాదు. వచ్చినవాడు ఇంట్లోకి రానక్కరలేదు, పనిచేసేవాడు ఇల్లు విడవనక్కరలేదు. 1984లో ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. అరుగులను మాత్రం మిద్దెలు కట్టుకుంటూ మనమే రద్దు చేసుకున్నాం.

సూర్యాపేటలో 2023లో ఐటీ హబ్ తెరిచారు. అది కంపెనీల కోసం. నాబోటి ఒంటిగాడికి కావలసింది ఒక కిటికీ, ఒక బల్ల, ఒక తాళం. అటువంటిది కిరాణా కొట్టు మీద మేడగది ఒకటి కనిపించింది. “నాలుగు వేలు కిరాయి, రెండు నెలలు అడ్వాన్సు. మీటరు దుకాణం మీటరు, ముందే చెప్తున్న” అన్నాడు యజమాని. దుకాణం మీటరంటే ఇంటి రేటు కాదు, వ్యాపార రేటు. ఆలోచించి చెబుతానని కోదాడ బస్సెక్కాను. సొంత పని చేసుకునేవారు ఇల్లు విడిచి బయటికి ఎప్పుడు వస్తారో నలుగురిని అడిగి తెలుసుకుందామని నా ఉద్దేశం.

కోదాడ నలభై అయిదు కిలోమీటర్లు. 2014 జూన్ 2 తరువాత యిది సరిహద్దు పట్టణం. కొద్ది దూరం పోతే ఆంధ్రప్రదేశ్. అక్కడ ఒకాయన వర్తకుల జీఎస్టీ లెక్కలు దాఖలు చేస్తాడు. 2017 జులై 1న ఆ పన్ను మొదలైనప్పుడు ఆయనా ఇంట్లోనే కూర్చున్నాడట. “అన్నం ముందు కూసుంటే ఒకరు, చెయ్యి కడుగుతుంటే ఇంకొకరు. పండుకునే మంచం మీద ఊరోళ్ల బిల్లులు” అన్నాడు. ఇప్పుడు ఒక జిరాక్సు దుకాణంలో సగం గది తీసుకున్నాడు. కిరాయి చెరిసగం.

నా సంగతి విని, “అన్నా, నీ దగ్గరికి మనుషులొస్తరా?” అని అడిగాడు. రారు, ఫోనులే వస్తాయన్నాను. “మరి బోర్డు ఎవరి కోసం? జీఎస్టీ నంబరు కావాలన్నా ఇంటి కరెంటు బిల్లు పెడితే నడుస్తది. సేవలకు ఏడాదికి ఇరవై లక్షలు దాటేదాకా ఆ బాధ గూడ లేకపాయె” అన్నాడు. ఒప్పందం పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో కూడా ఆయనే చెప్పాడు. ఏడాది మించిన కౌలుకు 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషను తప్పనిసరి. ఆ ఖర్చు తప్పించుకునేందుకు పదకొండు.

అక్కడినుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ. దారి పొడుగునా వరిపొలాలు. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీళ్లు వదిలారు. ఆ ఎడమ కాలవ నీళ్లే యిక్కడ వడ్లయి, రైసుమిల్లులయి, ఊరయ్యాయి. పై రెండు ఊళ్లకూ లేని రైలు యీ ఊరికి వుంది. కోతల కాలంలో మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరుతాయి.

మిల్లులకు లెక్కలు రాసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. జీవితమంతా ఇంట్లోనే రాశాడు. “సీజనుంటే చేతినిండ పని. సీజను పోతే ఈగలు తోలుడే. కిరాయికి సీజను తెల్వదు సారూ. మంచి నెల జూసి గది పట్టొద్దు, పడుకున్న నెల జూసి పట్టాలె” అన్నాడు. నోట్‌బుక్కులో రాసుకున్నాను.

ఇంతలో లోపలినుంచి చాయ్ తెచ్చిన ఆయన భార్య, “కిరాయి మిగిలింది గని, ఈయన లెక్కలు రాస్తుంటే మా పిల్లలు ఇంట్ల ఆడుకోలె సారూ. పక్కింట్లనే పెరిగిండ్రు” అంది. పెద్దాయన చాయ్ వూదుకుంటూ వుండిపోయాడు. ఆ పద్దు ఆయన ఏ పుస్తకంలోనూ రాయలేదు.

సూర్యాపేట బస్సులో కూర్చుని నా లెక్క వేసుకున్నాను. నిరుటి పన్నెండు నెలల్లో ఇల్లు గడవగా అద్దె మిగలని నెలలు మూడు. వాటికి పన్నెండు వేలు, అడ్వాన్సుకు ఎనిమిది వేలు. వెరసి ఇరవై వేలు చేతిలో లేనిదే గది ముట్టుకోరాదు. ఒక పుస్తకం తాలూకు డబ్బు అంతకు సరిపోతుంది. కోదాడ ఆయన ప్రశ్నకు నా జవాబు లేదనే. నా దగ్గరికి మనుషులు రారు. కాని నా పని వల్ల ఇంట్లో మనుషులు పక్కకు పోతున్నారు. అద్దె కట్టకపోయినా ఇంటి గదికి ఖరీదు వుంది. అది నేను కట్టడంలేదు, పదో తరగతి పిల్ల కడుతోంది.

సొంత పని చేసుకునే పాఠకులకు నేను చెప్పగలిగింది యింతే. సంపాదన పెరిగిందని గది తీసుకోకండి, పరువు కోసం అసలే వద్దు. మీ పనికి ఇంట్లో మరొకరు చోటిచ్చి తప్పుకుంటున్న రోజున, పల్చని నెలల అద్దె ముందే పక్కన పెట్టగలిగితే, కదలండి. పెట్టలేకపోతే కనీసం ఫోను పట్టుకుని మీరే మేడ మీదికి వెళ్లండి.

మేడగది పదకొండు నెలలకు రాయించాను. మార్చిలో అమ్మాయి పరీక్షలు. గడువు తీరాక రెండు పద్దులు చూసుకుంటాను: అద్దె పోను ఏం మిగిలింది, మా ఇంట్లో మళ్లీ గట్టిగా మాట్లాడుకుంటున్నారా లేదా.