కాంటా దగ్గర చెయ్యాల్సిన సేవ

ఎలా సంపాదించినా, ఆ తర్వాత నలుగురికి పెడితే లెక్క సరిపోతుందని చాలా ఏళ్లు నమ్మాను. మిర్యాలగూడలో మాది బాయిల్డ్ రైస్ మిల్లు. బడికి బెంచీలు, గుడికి సున్నాలు, ఎండాకాలంలో చలివేంద్రం, ఒక ఊరికి నీళ్ల ప్లాంటు. అన్నీ మనస్ఫూర్తిగానే చేశాను. కానీ అవి చేసినంత కాలం మిల్లు ప్రహరీ అవతల ఏం జరుగుతోందో చూడలేదు. చూడాల్సిన పని లేదనుకున్నాను. సూర్యాపేటలో, కోదాడలో, మా ఊళ్లో మంచి మనసుతోనే ఇదే తప్పు చేస్తున్న వ్యాపారులు నాకు తెలుసు కాబట్టి ఇదంతా రాస్తున్నాను.

మా వ్యాపారానికి మూలం కాలువ. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు మెట్ట చేలు మాగాణులయ్యాయి. వరి వచ్చింది, వరి వెనకే మిల్లులు వచ్చాయి. ప్రజల సొమ్ముతో కట్టిన డ్యామ్, దాని కోసం ఊళ్లు ఖాళీ చేసి పోయినవాళ్ల త్యాగం, ఆ తర్వాతే మా పెట్టుబడి. మా నాన్న తరానికి ఈ సంగతి గుర్తుండేది. మేం వచ్చేసరికి అంతా మా కష్టార్జితమే అనుకోవడం మొదలైంది.

ఉప్పుడు బియ్యం మిల్లు ఎట్లా నడుస్తుందో తెలియనివాళ్లకు చెప్పాలి. వడ్లను వేడి నీళ్లలో గంటల తరబడి నానబెట్టి, ఆవిరి పట్టి, డ్రయ్యర్లో ఆరబెట్టి, అప్పుడు ఆడిస్తాం. వడ్ల బరువులో ఐదో వంతు ఊకే. ఆ ఊకనే బాయిలర్‌లో కాలుస్తాం, బొగ్గు కొనే పనిలేదు. కాలిన ఊకలో మళ్లీ ఐదో వంతు దాకా బూడిదగా మిగులుతుంది. రోజుకు వంద టన్నుల వడ్లు ఆడే మిల్లులో ఊకంతా కాలిస్తే నాలుగు టన్నుల బూడిద. అందులో 85 నుంచి 95 శాతం సిలికా. దూదిలా తేలిక, గాలి వీస్తే చాలు లేచిపోతుంది. ఇక నీళ్లు. టన్ను వడ్లు నానడానికి వెయ్యి లీటర్లకు పైనే కావాలి. గింజ పీల్చుకోగా మిగిలిన పసుపుపచ్చ నీటిలో పిండిపదార్థం, చక్కెరలు కలిసి ఉంటాయి. ఒక్క పూట నిలవుంటే పులిసి కంపు కొడుతుంది. కుంటలో కలిస్తే నీటిలోని ప్రాణవాయువు తరిగిపోయి చేపలు తేలతాయి. మా మిల్లు నీళ్లు మోరీలోకి పోయేవి, బూడిద గోడ వెనక కుప్పగా పడేది. అందరూ అట్లాగే చేస్తున్నారు గదా అన్నది నా సమాధానం.

నీళ్ల ప్లాంటు సంగతి. నల్లగొండ జిల్లా పడమటి ఊళ్ల ఫ్లోరైడ్ బాధ దేశానికంతా తెలిసిందే. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగ్‌పూర్ నీరీ సంస్థ తయారుచేసిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. వంకర తిరిగిన కాళ్లతో ఉన్న పిల్లల్ని చూసి నా కడుపు తరుక్కుపోయింది. ఆర్ఓ ప్లాంటు పెట్టించాను. రిబ్బన్ కత్తిరించిన రోజు ఎంత తృప్తిగా ఇంటికి వచ్చానో చెప్పలేను. ప్లాంటు శుద్ధి చేసిన నీళ్లెన్నో, అన్నో అంతకు మించో ఫ్లోరైడ్ చిక్కబడ్డ నీళ్లను పక్క గుంటలోకి వదులుతుందని నాకప్పుడు తెలియదు. మెంబ్రేన్ పాడైతే మార్చేదెవరు, కరెంటు బిల్లు కట్టేదెవరు అని అడగనూ లేదు. కొన్నాళ్లకు దానికి తాళం పడింది. మిషన్ భగీరథ నల్లాలు వచ్చేదాకా ఆ ఊరు మళ్లీ ట్యాంకర్ కోసం ఎదురుచూసింది. నాకు తెలియని పని, నాకు తెలియని ఊళ్లో, డబ్బిచ్చి వదిలేశాను. నాకు బాగా తెలిసిన పని మా మిల్లులోనే ఉంది. అక్కడ చెయ్యలేదు.

ఆ మాట నాకు చెప్పింది మిల్లు వెనక కాలనీలో ఉండే ఒక పెద్దమ్మ. చలివేంద్రం దగ్గర నీళ్లు తాగి, మెల్లగానే అన్నది: "సేటూ, నీ పుణ్యాన సల్లటి నీళ్లు దొరుకుతున్నయి. గా బూడిద మా గిన్నెలల్ల వడకుంట జూస్తే ఇంక పుణ్యముంటది. మా మనుమడు కండ్లు నలుసుకుంట బడికి వోతుండు." నేను "చూస్తానమ్మా" అన్నాను. అని వెంటనే ఏమీ చెయ్యలేదు. ఈ వ్యాసంలో నాకు రాయడానికి అన్నిటికంటే కష్టమైన వాక్యం అదే.

బూడిద కన్నా పెద్ద తప్పు కాంటా దగ్గర జరిగింది. హార్వెస్టర్లు వచ్చాక రైతు కోసిన వడ్లను కళ్లంలో ఆరబెట్టడం తగ్గింది. పచ్చి వడ్లు ట్రాక్టర్‌లో నేరుగా మిల్లుకు వస్తాయి. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం మించకూడదు. పొలం నుంచి వచ్చే సన్న వడ్లలో అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. కాబట్టి తరుగు తీయడం న్యాయమే. ఎంత తీయాలన్నదే ప్రశ్న. ట్రాక్టర్ల బారు రోడ్డు దాకా నిలబడి, మబ్బు పట్టి, రైతు రాత్రంతా స్టీరింగ్ మీద తల పెట్టుకుని పడుకున్న రోజున మిల్లు ఎంత తరుగు చెబితే అంత. ఆ అవసరాన్ని నేను వాడుకున్నాను. తేమ మిషన్ రీడింగ్ రైతు వైపు తిప్పి చూపించలేదు. క్వింటాలుకు కిలో అదనంగా పోతే ఒక్క రైతుకు పెద్దగా తెలియదు, సీజన్ మొత్తానికి మిల్లుకు బాగా తెలుస్తుంది. నా బెంచీలూ చలివేంద్రమూ ఆ కిలోలోంచి వచ్చినవే.

వ్యాపారానికున్న సామాజిక బాధ్యత లాభం పెంచుకోవడమేనని 1970లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ రాశాడని మా పెద్దబ్బాయి చదువుకుని వచ్చి చెప్పాడు. ఆయన వాదన నాకు నచ్చదు. అయినా దానికి ఆయనే ఒక షరతు పెట్టాడు: ఆట నియమాలు పాటించాలి, మోసం ఉండకూడదు. అంత తక్కువ కోరిన మనిషి షరతుకు కూడా నా కాంటా నిలవలేదు.

మూసీని తిట్టడంలో మాత్రం మేం ముందుండేవాళ్లం. హైదరాబాద్ మురుగు, ఫ్యాక్టరీల రసాయనాలు మోసుకొచ్చే ఆ నీళ్లు మూసీ ప్రాజెక్టు కింద సూర్యాపేట పొలాలకు పారతాయి. చివరికి మా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. పైనున్న నగరం కింద ఉన్నవాళ్లను మనుషులుగా చూడదని మీటింగుల్లో మాట్లాడాను. మా మోరీ కింద ఉన్న కుంట వాళ్లకు నేనే హైదరాబాద్‌నని తట్టడానికి చాలా కాలం పట్టింది.

చివరికి చేసిన పనులు గొప్పవేం కావు. బూడిదను బాయిలర్ దగ్గరే తడిపి, మూసిన కన్వేయర్ మీద తెచ్చి, పట్టా కప్పిన లారీలో ఇటుక బట్టీలకు పంపుతున్నాం. పొగగొట్టానికి దుమ్ము పట్టే సైక్లోన్ యంత్రం, దాని తర్వాత బ్యాగ్ ఫిల్టర్ పెట్టాం. నానబెట్టిన నీటికి సున్నం వేసి తేర్చి, గాలి పట్టించే తొట్టి కట్టాం. ఖర్చు నొప్పి పుట్టించిన మాట నిజం. అయితే ఊక బూడిద చెత్తేమీ కాదు. దాని సిలికాను టైర్ల తయారీలో వాడతామని గుడ్ఇయర్ కంపెనీ 2014లోనే ప్రకటించింది. బిహార్‌లో హస్క్ పవర్ సిస్టమ్స్ 2007 నుంచి ఊకతో కరెంటు తీసి పల్లెలకు ఇచ్చింది. ఆసియాలోనే పెద్ద రైస్ మిల్లుల కేంద్రాల్లో ఒకటని చెప్పుకునే మా ఊరు బూడిదను రోడ్డు పక్కన పోయడం నాకిప్పుడు సిగ్గుగా ఉంటుంది.

చట్టం మా వెంట పడుతుందని ఎదురుచూడక్కర్లేదు. కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ నుంచి లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చెయ్యమంది. అది 500 కోట్ల నికర విలువో, 1,000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీలకు. మా మిల్లుల్లో ఎక్కువ భాగం భాగస్వామ్య సంస్థలు, ఆ పరిధిలోకే రావు. వచ్చినా ఆ రెండు శాతం నా పాత తప్పునే నేర్పుతుందేమోనని నా భయం. తక్కిన తొంభై ఎనిమిది ఎట్లా వచ్చిందన్న ప్రశ్న అందులో లేదు.

ఇప్పుడు కొత్త మాట వినిపిస్తోంది. నీళ్లు నిలిచిన వరి మడుల నుంచి మీథేన్ వస్తుంది. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే మీథేన్‌లో అది సుమారు పదో వంతు. మడిని తడిపి, ఆరనిచ్చి, మళ్లీ తడిపితే చాలావరకు తగ్గుతుందని శాస్త్రవేత్తలు అంటున్నారు, నీళ్లూ మిగులుతాయి. మీథేన్ తగ్గిస్తే డబ్బు వస్తుందనే కార్బన్ క్రెడిట్ల మనుషులు మిల్లుల చుట్టూ తిరుగుతున్నారు, రైతులకు మీరే చెప్పండి అంటూ. చెప్పడానికి తొందరపడే పాత మనిషి నాలో ఇంకా ఉన్నాడు. ఎడమ కాలువ చివరి భూముల రైతు వంతు నీళ్లు మళ్లీ ఎప్పుడొస్తాయో తెలియక మడి నిండా పట్టి ఉంచుకుంటాడు. ఆరబెట్టమని సలహా ఇవ్వడం నాకు సులువే. పంట తగ్గితే ఆ నష్టం ఆయనది. అందుకే ఈ వానాకాలం నుంచి నారు పోయకముందే రైతులతో కాగితం రాసుకుంటున్నాం. ఏ తేమకు ఎంత తరుగో పట్టిక అందులో ఉంటుంది, మిషన్ ఇద్దరికీ కనబడేలా బల్ల మీద ఉంటుంది. ఆరుతడి పద్ధతిలో సాగుచేసిన మడిలో దిగుబడి పడిపోతే కొంత నష్టం మిల్లు భరిస్తుంది. సంతకం చేసినవాళ్లు ఇప్పటికి కొద్దిమందే. తక్కినవాళ్లు ముందు ఈ సీజన్ కాంటా చూసి చెబుతామన్నారు.