ఉయ్యాల ఎక్కడ పెట్టాలి?

మా చెల్లికి ఆడపిల్ల పుట్టింది. పిల్లను రాయవరం తీసుకొచ్చిన రోజు నుంచీ ఇంట్లో ఒకటే చర్చ. ఉయ్యాల ఎక్కడ పెట్టాలి?

మాది సెంటున్నర స్థలంలో కట్టుకున్న ఇల్లు. ఒక గది, చిన్న హాలు, వంటగది. గదిలో మంచం, బీరువా పోగా మిగిలింది చాపంత జాగా. బావ మండపేట వెళ్లి ఇనుప స్టాండు ఉయ్యాల కొనుక్కొచ్చాడు. ఫ్యాను కింద పెట్టమంది అమ్మ. గాలి వస్తుంది, కిటికీ పక్కన పెడదామన్నాను నేను. కిటికీ అవతల మురుక్కాలవ, దోమలు పిల్లని పీక్కు తింటాయంది చెల్లి.

పిల్లని చూడ్డానికొచ్చిన మా చుట్టం ఒకాయన వాస్తు మొదలెట్టాడు. ఫలానా మూల బరువు ఉండకూడదట, పిల్ల తల ఫలానా దిక్కుకే ఉండాలట. నేనడిగాను: "మన పేట ఊరికి ఏ దిక్కున ఉండాలో, ఎంత పల్లంలో ఉండాలో మనల్ని అడిగే పెట్టారా బాబాయ్? మనల్ని ఊరి బయట పెట్టిన దిక్కుల లెక్కని మన గదిలోకి మనమే తెచ్చుకోవాలా?" ఆయన నవ్వేసి టీ తాగాడు.

ఏడో రోజు ఆశా అక్క వచ్చింది. 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో బాలింత ఇంటికి రావడం వాళ్ల పని. గది చూసి రెండు నిమిషాల్లో తేల్చేసింది. తల్లి మంచం పక్కనే, చెయ్యి చాపితే అందేలా ఉండాలి. పిల్లని వెల్లకిలా పడుకోబెట్టాలి. దిండ్లు, మెత్తటి బొంతలు, బొమ్మలు లోపల వద్దు. తాళ్లు, వైర్లు దగ్గర్లో ఉండకూడదు. దోమతెర కట్టాలి. బీరువా హాల్లోకి జరిపాం. ఉయ్యాలకి చోటొచ్చింది.

చర్చ అయిపోయిందనుకున్నాను. అమ్మ నాలుగు గిన్నెల్లో నీళ్లు పోసి తెచ్చి, ఉయ్యాల కోళ్ల కింద ఒక్కోటి పెట్టింది. "చీమలు ఎక్కకుండా" అంది.

"సిమెంటు గచ్చు మీద ఏం చీమలే అమ్మా?"

"నీ చెవి వెనక మచ్చ ఎక్కడిదనుకున్నావురా?"

అప్పుడు చెప్పింది. నాకు నాలుగో నెల. ఊడ్పుల రోజులు. గట్టు మీద మామిడిచెట్టు ఉంది, నీడ ఉంది. దానికి చీర ఉయ్యాల కట్టబోతే ఆసామి వద్దన్నాడట. కాయ కాసే చెట్టు, మీరు ముట్టుకోవద్దన్నాడట. అమ్మ నన్ను తీసుకెళ్లి తుమ్మచెట్టుకి కట్టింది. వంగి నాటుతుంటే ఏడుపు వినిపించింది. వరస పూర్తి కాకుండా గట్టెక్కితే కూలి కోస్తారు. ఎక్కేసరికి చీర నిండా ఎర్రచీమలు. నెల రోజులు పుండు మానలేదట. అమ్మ ఇదంతా ఏడవకుండా చెప్పింది. నేనే ఉండలేకపోయాను.

మిత్రులారా, ఉయ్యాల ఎక్కడ పెట్టాలన్నది మన తల్లులకి ఇంటి అలంకరణ సంగతి కాదు. ఆ చోటు ఎవరి చేతిలో ఉంది అన్నదే ప్రశ్న. బాబాసాహెబ్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో మహిళా కార్మికుల ప్రసూతి ప్రయోజనాల బిల్లు తరఫున మాట్లాడారు. 2005 ఉపాధి హామీ చట్టంలో, పని దగ్గర ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకన్నా ఎక్కువ ఉంటే వాళ్లని చూసుకోవడానికి ఒక మహిళని పెట్టి, ఆమెకీ కూలి ఇవ్వాలని రాశారు. 2017 సవరణ యాభై మంది, ఆపైన పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలంది. మా చెల్లి పాఠాలు చెప్పే ప్రైవేటు బడిలో ఉన్నది ఇరవై మంది. ఆ గీత ఆమె దాకా రాదు. పొలంలో నాట్లేసే ఆడకూలీల దాకా అసలే రాదు.

ఇంట్లో ఉయ్యాలకి చోటు దొరికింది. చెల్లి మళ్లీ పనికెళ్లే రోజు ఆ ఉయ్యాల ఎక్కడ పెట్టాలి? ఇప్పటికైతే అమ్మ దగ్గరే. అంటే ఒక ఆడమనిషి పనికెళ్లాలంటే ఇంకో ఆడమనిషి కూలి మానుకోవాలి.

సెలవులకి ఊరొచ్చే విద్యార్థులకి ఒక పని చెప్తాను. మీ పేట ఆడవాళ్లు పనిచేసే చోటుకెళ్లండి. చంటిపిల్లలు ఎక్కడ పడుకున్నారో చూడండి. రాసి పెట్టండి. ఎవరూ అడగని ప్రశ్నకి ఏ ఆఫీసూ జవాబివ్వదు.

అమ్మ రోజూ పొద్దున్నే ఆ నాలుగు గిన్నెల్లో నీళ్లు మారుస్తోంది. నేనింక ఎందుకని అడగట్లేదు.

జై భీమ్.