పులిసొరలున్న రేవు

"మాల్దీవ్స్‌ల ఏం పని చేస్తున్నవ్ రా?" అని సోలాపూర్‌లో ఎవరడిగినా "గాలి నింపుతున్న" అంటాను. పంక్చర్ దుకాణం అనుకొని నవ్వుతారు. సముద్రం లోపలికి దిగేవాళ్ళు వీపుకు కట్టుకునే సిలిండర్లలో గాలి నింపే కంప్రెసర్ నా చేతి కింద ఉంటుంది. ఐటీఐలో ఫిట్టర్ చేసి, ఎనిమిదేళ్ళు ఎయిర్‌జెట్ మగ్గాల షెడ్డులో కంప్రెసర్లు చూసుకున్నవాణ్ణి. పేక నూలును ఊది అవతలికి పంపడానికి మగ్గానికి ఆరేడు బార్ల గాలి చాలు. ఇక్కడ సిలిండర్‌కు 200 బార్లు ఎక్కించాలి. మిషన్ పెద్దదేమీ కాదు, మన షెడ్డు కంప్రెసర్ కంటే చిన్నదే. కానీ చప్పుడు అదే. మొదటి వారం ఆ చప్పుడు వింటుంటేనే నాకు ఇల్లు దగ్గరగా అనిపించింది.

మా నాయిన మిల్లులో బ్లోరూం మనిషి. రాత్రి పాళీ చేసి వస్తే కనుబొమ్మల మీద, చెవుల్లో తెల్లగా దూది ఉండేది. సెలవు మర్నాడు పనికి పోతే ఛాతీ బిగబట్టేసేది. దూది దుమ్ముతో వచ్చే ఆ జబ్బుకు బిసినోసిస్ అనే పేరుందని ఆయన పోయిన చాలా ఏళ్ళకు నాకు తెలిసింది. ఇక్కడ నా పనిలో సగం ఫిల్టర్ల పనే. గాలి పీల్చే గొట్టం ఇంజను పొగకు దూరంగా, గాలి వీచే వైపు పెట్టాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ కొంచెం సిలిండర్‌లోకి పోయినా, పైన తలనొప్పితో పోయేది లోతులో మనిషిని పడేస్తుంది. లోతుకు పోయేకొద్దీ ఒత్తిడి పెరిగి విషం కూడా బలపడుతుంది మరి. చెమ్మ పీల్చే మందు, వాసన పట్టే బొగ్గు, ఇవన్నీ మిషన్ తిరిగిన గంటలు లెక్కపెట్టి మార్చాలి. ఆ రిజిస్టర్ రాసేటప్పుడల్లా నాయిన యాదికొస్తాడు.

నేనుండే దీవి పేరు ఫువాములా. మాల్దీవుల్లో దీవులు 1,192 అంటారు. ఇది చాలా దక్షిణాన, రాజధాని మాలే నుంచి సుమారు 500 కిలోమీటర్ల దూరంలో, భూమధ్యరేఖ దాటిన కొంచెం అవతల ఉంటుంది. నాలుగున్నర కిలోమీటర్ల పొడవు, కిలోమీటరుకు కొంచెం ఎక్కువ వెడల్పు. సైకిల్ మీద పొద్దున బయలుదేరితే చాయ్ చల్లారేలోపు చుట్టి రావచ్చు అని మా షాపులో వేళాకోళం చేస్తారు. టీవీలో చూపించే మాల్దీవుల్లా చుట్టూ నిలకడ నీలం నీళ్ళు ఉండవు. ఒంటి దీవి, ఒడ్డు దాటగానే నేల తెగిపోయి సముద్రం పాతాళానికి దిగిపోతుంది. హార్బరు కట్టక ముందు అలల మీద నుంచి పడవను ఒడ్డుకు తేవడమే ప్రాణసంకటమట. లోపల మాత్రం మంచినీళ్ళ చెరువులు రెండున్నాయి. మడుల్లో చేమదుంప పండిస్తారు, మామిడి చెట్లున్నాయి. ఫువ అంటే వాళ్ళ ధివేహి భాషలో పోక. పోకచెక్క నమిలే మా అమ్మకు ఈ సంగతి చెప్తే, ఊరు పేరు బాగుందిరా అన్నది. నాలుగైదు రోజులకొకసారి నల్లా వచ్చే ఊరి నుంచి పోయినవాణ్ణి కదా, దీవి నడిమధ్య ఊరికే నిండి ఉన్న ఆ చెరువుల్ని చూస్తే నాకు సముద్రం కంటే అవే వింత.

ఈ దీవికి ప్రపంచం నలుమూలల నుంచి మనుషులు వచ్చేది పులిసొరల కోసం. ఒంటి మీద పులికున్నట్టు నిలువు చారలుంటాయి, వయసు ముదిరితే చారలు మాసిపోతాయి. పెద్దవి నాలుగు మీటర్లు దాటుతాయి. అంటే మన మగ్గం కంటే పొడుగు. ఇవి ఇక్కడికే ఎందుకొచ్చాయంటే దానికి కారణం చేపల పనివాళ్ళే. ఈ దేశంలో ట్యూనా చేపే ముఖ్యమైన పంట. పడవలు తెచ్చిన ట్యూనాలను హార్బరులోనే కోసి, తలలు, పేగులు నీళ్ళలోకి విసిరేవాళ్ళు. ఏళ్ళ తరబడి అలా దొరికే తిండికి సొరలు అలవాటు పడ్డాయి. ఇప్పుడు డైవ్ షాపులవాళ్ళు అవే తలలను హార్బరు మూతి దగ్గర అడుగున రాళ్ళ కింద పెట్టి వాటిని పిలుస్తారు. పది మీటర్ల లోతు కూడా ఉండదు. ఇంత తక్కువ లోతులో, ఒడ్డుకు ఇంత దగ్గరలో ఇన్ని పులిసొరలు కనబడే చోటు ప్రపంచంలో మరొకటి లేదంటారు. ఏడేళ్ళ పాటు ఫోటోలు తీసి, చారల్ని బట్టి, రెక్కల మీది గాట్లను బట్టి ఒక్కొక్కదాన్ని గుర్తుపట్టి లెక్కేస్తే 239 తేలాయి. ఆ లెక్క 2024లో అచ్చయింది. అందులో చాలావరకు ఆడవే, వాటిలోనూ కడుపుతో ఉన్నవి కనిపిస్తాయి. ఒక్కో ఈతకు పదుల్లో పిల్లలు పెడుతుంది, ఏడాదికి మించి మోస్తుంది.

ఒకప్పుడు ఇదే దేశంలో సొరల్ని పట్టేవాళ్ళు. సొర కాలేయం చాలా పెద్దది, నిండా నూనె. ఆ నూనె కాచి కర్ర పడవలకు పూస్తే చెక్క చెడదు. తర్వాత రెక్కలకు విదేశాల్లో ధర పలికింది, వేట పెరిగింది, సొరలు తగ్గాయి. 2010లో ప్రభుత్వం తమ సముద్రమంతటా సొరల వేటను ఆపేసింది. మా షాపు దగ్గర సాయంత్రం కూర్చునే ముసలాయన ఒకాయన పాత రోజుల్లో సొరల్ని పట్టినవాడు. చేతి తాడు, గొలుసు, జానెడు గాలం. అరచేతిలో తాడు కోసిన గీతలు చూపించాడు. హిందీ సినిమాలు చూసీ చూసీ ఇక్కడివాళ్ళకు హిందీ వస్తుంది, అందుకే మాకు మాట కుదిరింది. మా ఊళ్ళో మగ్గాలంటే ఆయన వలలు నేస్తారనుకున్నాడు. చద్దర్లు, టవళ్ళు అని చెప్తే కొంచెం నిరుత్సాహపడ్డాడు. ఆయన మనవడే ఇప్పుడు మా గైడు. తాత గాలం వేసిన జాతి చేపనే మనవడు వచ్చినవాళ్ళకు చూపించి జీతం తీసుకుంటాడు.

రెండేళ్ళు సిలిండర్లు నింపాక నాకూ దిగాలని పుట్టింది. మనం కోసిన బట్ట మనమే కట్టుకోకపోతే ఎట్లా? ముందు నాలుగు రోజుల శిక్షణ. ఎండాకాలం సెలవుల్లో తాతల ఊళ్ళో బావిలో ఈత నేర్చినవాణ్ణి, నీళ్ళ భయం లేదు. చెవులతోనే తంటా. దిగుతుంటే చెవిలో గూటం కొట్టినట్టుంటుంది. ముక్కు మూసి మెల్లగా ఊదితే విడిపోతుంది. ఊపిరి ఎప్పుడూ బిగపట్టకూడదు, అదే మొదటి పాఠం. పైకి వచ్చేటప్పుడు గాలి వ్యాకోచిస్తుంది, బిగపడితే ఊపిరితిత్తులు చిరుగుతాయి. అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి, అప్పుడు పైకి. ఈ లెక్కలన్నీ నాకు నచ్చాయి. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్లంటే 2,400 లీటర్ల గాలి. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెండింతలు కాబట్టి గాలీ రెండింతలు ఖర్చవుతుంది. నిమ్మళంగా పీల్చేవాడికి ముప్పావుగంట వస్తుంది, భయపడ్డవాడికి అందులో సగం.

శుక్రవారం ఇక్కడ సెలవు. ఆ మధ్యాహ్నం గైడు "బేబే, రా" అన్నాడు. బేబే అంటే అన్న. పడవలో షరతులు చెప్పాడు. గుంపుగా, వీపు రాళ్ళ వైపు పెట్టి నిలువుగా ఉండాలి. చేతులు ఒంటికి దగ్గరగా. సొర దగ్గరికొస్తే దాని కంట్లోకి చూడాలి, వెన్ను చూపించకూడదు. ఎవరూ ముందుకు పోకూడదు, ఎవరూ పైకి తేలకూడదు. వినగానే నాకు షెడ్డు గుర్తొచ్చింది. తిరిగే మిషన్ దగ్గర లుంగీ అంచు, చేతి ఉంగరం ఎట్లా చూసుకుంటామో ఇదీ అట్లాగే. ధైర్యం సంగతి ఎవరూ మాట్లాడలేదు, చేతులెక్కడున్నాయన్నదే మాట. నాకది నిజంగా ధైర్యమిచ్చింది.

దిగాను. హార్బరు మూతి నీళ్ళు కొంచెం మసకగా ఉంటాయి. మొదట చిన్న చేపల గుంపు ఒక్కసారి పక్కకు జరిగింది. ఆ ఖాళీలోంచి అది వచ్చింది. వేగం లేదు. రాత్రి పాళీ దిగి ఇంటికి నడిచొచ్చే మనిషి నడకలా ఉంది. మొద్దు మూతి, నల్లటి గుండ్రటి కన్ను, పొట్ట కింద తెలుపు. నా ముందు నుంచి రెండు చేతుల దూరంలో పోతుంటే మొదట తల, తర్వాత ఒడ్డూ పొడుగూ, ఎంతసేపటికీ తోక రాలేదు. నేను చూస్తున్నానని దానికి తెలుసు; కన్ను నా మీద ఆపి తిప్పుకుంది. రాయి కింద నుంచి ట్యూనా తల లాగేటప్పుడు మాత్రం దాని అసలు బలం తెలిసింది. మనిషంత రాయి పక్కకు దొర్లింది, ఇసుక లేచింది. నేను ఏడు లెక్కపెట్టాను. ఒకటి వెనక నుంచి వచ్చింది, గైడు చేతి కర్రతో దాని మూతిని మెల్లగా పక్కకు తిప్పాడు, మన వీధిలో గేదెను జరిపినట్టు. అప్పుడు నా గాలి మీటరు చూసుకుంటే నిమ్మళంగా పీల్చేవాడి లెక్కలో నేను లేను. ముప్పై నిమిషాలకే పైకి రావలసి వచ్చింది. పడవలో టవల్ ఇచ్చారు. టవల్ ఎక్కడ చేతికొచ్చినా తిరగేసి అంచు, దారపు కుచ్చు చూడడం మనవాళ్ళ జబ్బు. ఒళ్ళు వణుకుతున్నా ఆ పని మానలేదు.

ఇంతవరకు వింటే అంతా బాగానే ఉందనిపిస్తుంది. సాయంత్రం చాయ్ హోటల్‌లో కూర్చుంటే రెండో పక్క వినిపిస్తుంది. చేపలు పట్టేవాళ్ళ బాధ వేరు. గాలానికి ట్యూనా పడుతుంది, పైకి లాగేలోపు సొర సగం కొరికేసుకుపోతుంది. చేతికి తల మిగులుతుంది. "సొరను ముట్టొద్దని మాకు చట్టం. మా చేప తినొద్దని సొరకు చట్టం లేదు" అని ఒకాయన టేబుల్ గుద్దాడు. గైడు కుర్రాళ్ళు, సొర ఉండబట్టే గెస్ట్‌హౌస్‌లు, పడవలు, నీ బావమరిది ట్యాక్సీ నడుస్తున్నాయన్నారు. రెండూ అబద్ధం కాదు. వేట మళ్ళీ తెరవమనడం నాకు ఒప్పు కాదు. ఒకసారి తగ్గిపోయిన పులిసొర మళ్ళీ నిండడానికి ఒక తరం పడుతుంది. కానీ గాలం మీద పోయిన చేపకు ఎవరో ఒకరు లెక్క కట్టాలి కదా. డైవ్‌కు వచ్చేవాడు ఇచ్చే డాలర్లలో ఆ పడవవాడికి ఒక్కటీ చేరకపోతే, ఆ సొరను కాపాడమని అతనికి చెప్పే నోరు ఎవరికుంది?

ఇంకో భయం కూడా ఉంది, అది నేను సోలాపూర్ వాణ్ణి కాబట్టి ఎక్కువ కనబడుతుందేమో. భోంగా మోగితే ఊరు లేచే రోజులు మన పెద్దలకు తెలుసు. మిల్లు ఒక్కటే కాదు, దాని గేటు ముందు చాయ్ బండి, ఖానావళి, వడ్డీ వ్యాపారి, బట్టలు కుట్టేవాడు అందరూ ఆ భోంగా మీదే బతికారు. భోంగా ఆగిపోయాక ఏమైందో మన తూర్పు పేటల్లో ప్రతి ఇంటికీ తెలుసు. అమ్మలు బీడీల చాటలు ఒళ్ళో పెట్టుకొని ఇళ్ళు నిలబెట్టారు. ఈ దీవిలో పద్దెనిమిదేళ్ళ పిల్లలంతా గైడు లైసెన్సు అంటున్నారు. గాలం పట్టడం నేర్చేవాళ్ళు తగ్గుతున్నారు. 2020లో కరోనాకు దేశం మార్చి నుంచి జూలై దాకా తలుపులు మూసేస్తే, ఇక్కడ ఒక్క తెల్లమనిషి దిగలేదట. ఆ నెలల్లో తిండి పెట్టింది ట్యూనాయేనని ముసలాయన మనవడి ముందే అన్నాడు. మనవడు కాదనలేదు, తనూ ఆ నెలల్లో పడవెక్కానన్నాడు. ఇప్పటికీ శుక్రవారాలు తాతతో గాలానికి పోతాడు. నాకు ఆ పిల్లవాడి మీద గురి అందుకే.

మన పిల్లలు ఫోన్లలో అడుగుతున్నారు, అక్కడ పని ఉందా అని. ఉంది: కంప్రెసర్, పడవ ఇంజన్లు, ఏసీ, కరెంటు. చేతిలో ట్రేడ్ ఉంటేనే రండి. టూరిస్టు ముద్రతో వచ్చి పని చేస్తే ఇక్కడ నేరం. పని పర్మిట్ కాగితం చేతికి రాకుండా ఏ ఏజెంటుకూ పైసలివ్వొద్దు. ఉప్పుగాలికి ఇనుము ఎంత తొందరగా తుప్పు పడుతుందో మగ్గం షెడ్డులో ఊహించలేం, కాబట్టి గ్రీజు పట్టే చేతులకు ఇక్కడ పని కరువు లేదు. దిగి చూడాలనుకునేవాళ్ళకు ఒక మాట: చివరి డైవుకూ విమానానికీ మధ్య ఒక పూర్తి రోజు ఉంచుకోండి. ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవాలి.

దిగిన సంగతి అమ్మకు వారం దాకా చెప్పలేదు. చెప్పాక, తిడుతుందనుకుంటే, ఆకు కత్తిరించే చప్పుడు మాత్రం ఆగింది. "పెద్దవేనా?" అంది. పెద్దవే, ఎక్కువ ఆడవే, కడుపుతోటి ఉన్నవి కూడా ఉన్నాయన్నాను. "కడుపుతోటి ఉన్నదాని ముంగటికి పోయి గుంపుగా నిలబడి ఏం చూస్తర్రా? నిమ్మళంగ తిననియ్యరా?" అంది.

మర్నాడు ఆ మాట హిందీలో గైడుకు చెప్పాను. నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, పొట్ట బాగా దిగిన ఒకటి వస్తోందని, ఎడమ రెక్కకు గాటు ఉంటుందని, అది వచ్చినప్పుడు మనుషుల్ని ఇంకో మూడు మీటర్లు వెనక్కి రాళ్ళ దాకా జరుపుతున్నానని చెప్పాడు. "మీ అమ్మకు చెప్పు బేబే" అన్నాడు.