సముద్రానికి వెళ్ళేముందు

విశాఖ సముద్రం చూడాలన్నది మా ఇంటావిడ చిరకాల కోరిక. అయితే తన చిత్రాలు పరాయి ఫోన్లలోకి చేరరాదని షరతు. ఫోటోల విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయాలున్నా, ఈ షరతు ఎవరూ కాదనలేనిది. అందుకే ఇంటర్నెట్‌తో పొత్తులేని చిన్న కెమెరా కోసం సికింద్రాబాద్‌లో ఒక పాత కెమెరాల దుకాణం మెట్లెక్కాము.

ఈ ఊరికి ఇటువంటి సంకోచం కొత్తది కాదు. ఇక్కడ స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్, 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచి, దాని బాధ్యత ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు.

దుకాణదారు మెగాపిక్సెళ్ళ లెక్క మొదలుపెట్టాడు. "అది సరే భాయ్, ఇసుకకు ఆగుతుందా?" అన్నాము. లెన్సు బయటికి పొడుచుకొచ్చే రకంలో ఒక్క రేణువు చేరినా ఇరుక్కుపోతుందని ఒప్పుకొని, లెన్సు లోపలే కదిలే, నీరు చొరని రకం చూపాడు. పాతది కనుక రబ్బరు సడలి ఉండవచ్చు. తుంపరకు పరవాలేదు గాని నీట ముంచరాదు. డిజిటల్ జూమ్ అన్నది బొమ్మను సాగదీయడమే, దానికి డబ్బు పెట్టనవసరం లేదు. ఏసీ బోగీ దిగగానే తేమగాలికి అద్దం మసకబారుతుంది, కాసేపు సంచిలోనే ఉంచాలి.

రూ. 3,500కు బేరం కుదిరింది. ఇంట్లో ఆమె తీసిన తొలి చిత్రంలో మా తల సగమే పడింది. కార్డు మాత్రం తన బీరువాలోనే ఉంటుందట.